పువొలంకాలో ఇల్లు కొనే ముందు: చిన్న ఫిన్నిష్ మున్సిపాలిటీ లోపలి బతుకు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హెల్సింకిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇప్పుడు పూర్తిగా ఇంటి నుంచే పని. కైనూ ప్రాంతంలో పువొలంకా అనే చోట సరస్సు పక్కన పాత చెక్క ఇల్లు ఒకటి మంచి కారు ధరకే అమ్మకానికి ఉంది. మీరు, మీ ఆవిడ, ఆరేళ్ల పాప. వెళ్తే బతకగలమా, మనుషులు కలుపుకుంటారా, లేక రెండో చలికాలానికే పెట్టే బేడా సర్దుకోవాల్సి వస్తుందా?

నేను కైనూలోనే, పువొలంకాకు పొరుగున ఉన్న మరో చిన్న మున్సిపాలిటీలో చాలాకాలంగా ఉంటున్నాను. వృద్ధుల ఇళ్లకు వెళ్లి వాళ్లను చూసుకునే పని. అందుకని ఇక్కడి వంటగదులు, అక్కడ కాఫీ తాగుతూ చెప్పుకునే కబుర్లు నాకు బాగానే తెలుసు. నా జవాబు: వెళ్లొచ్చు. కానీ ఇల్లు చవగ్గా వస్తోందని మాత్రం వెళ్లకండి. ఇక్కడ ఇంటితోపాటు ఊరి పనిలో ఒక వాటా కూడా మీ నెత్తిన పడుతుంది. అది ఇష్టంగా మోయగలిగితేనే ఊళ్లో కలిసిపోతారు.

ముందు సైజు సంగతి. పువొలంకా విస్తీర్ణం దాదాపు 2,600 చదరపు కిలోమీటర్లు. మన పాత జీహెచ్ఎంసీ 650. అంటే నాలుగు హైదరాబాద్‌లంత నేల మీద ఉండేది 2,500 మంది లోపే. మిగతాదంతా అడవి, బురద నేల, సరస్సులు. మధ్యలో ఒక చిన్న కేంద్రం: మున్సిపల్ ఆఫీసు, బడి, చర్చి, లైబ్రరీ, కిరాణా, మందుల షాపు, పెట్రోలు బంకు. రైలు లేదు. దగ్గరి పట్నం కయానీ సుమారు 90 కిలోమీటర్లు. కాన్పు అయినా, ఎముక విరిగినా వెళ్లాల్సిన పెద్దాసుపత్రి అక్కడే.

ఇక్కడ 'మున్సిపాలిటీ' అన్నా కదా అని మన పురపాలక సంఘాన్ని ఊహించుకోకండి. ఇక్కడ పంచాయతీ, మండలం, మున్సిపాలిటీ అని వేర్వేరు మెట్లు లేవు. ఆరు లక్షల పైచిలుకు జనం ఉన్న హెల్సింకికీ, రెండు వేల మంది ఉన్న పల్లెకీ ఒకే మున్సిపల్ చట్టం. 1865లో గ్రామీణ పాలనను చర్చి పారిష్ నుంచి విడదీసినప్పటి నుంచి ఈ వ్యవస్థ నడుస్తోంది. పల్లెకీ సొంత కౌన్సిల్, కౌన్సిల్ జీతమిచ్చి పెట్టుకున్న మేనేజర్, సొంత పన్ను రేటు, సొంత బడి, సొంత నీటి సరఫరా. దేశంలో ఇలాంటివి 300 పైచిలుకు ఉన్నాయి. ఒకప్పుడు ఇంకా ఎక్కువ ఉండేవి. 2009 ఒక్క జనవరి ఒకటిన విలీనాలతో 415 కాస్తా 348 అయ్యాయి. ఖర్చు భరించలేక లోటులో కూరుకుపోయిన మున్సిపాలిటీ మీద ఆర్థిక శాఖ పరిశీలన మొదలుపెడుతుంది. అది విలీనం దాకా పోవచ్చు. ఇక్కడి పెద్దవాళ్లు బడ్జెట్ గురించి మన ఊళ్లో వానల గురించి మాట్లాడుకున్నంత టెన్షన్‌గా మాట్లాడుకునేది ఇందుకే.

2023 జనవరి నుంచి ఒక పెద్ద మార్పు వచ్చింది. వైద్యం, సామాజిక సేవలు, అగ్నిమాపక సేవ మున్సిపాలిటీల చేతిలోంచి తీసేసి 21 సంక్షేమ ప్రాంతాలకు ఇచ్చారు (హెల్సింకి మాత్రం తన సేవలు తానే చూసుకుంటుంది). దానికి తగ్గట్టు మున్సిపల్ పన్ను రేట్లన్నీ ఒకే దెబ్బకు 12.64 శాతం పాయింట్లు తగ్గించారు. ఇప్పుడు మున్సిపాలిటీకి మిగిలినవి బడి, పిల్లల డేకేర్, లైబ్రరీ, నీళ్లు, స్థలాల ప్లానింగ్, ఆటస్థలాలు. 2025 నుంచి ఉపాధి సేవలు కొత్తగా వచ్చి చేరాయి. వాటిని చిన్నవి ఒంటరిగా నడపలేవు కాబట్టి పొరుగువాళ్లతో కూటమి కట్టాయి. సామాన్యుడికి తేడా ఏమిటంటే, హెల్త్ సెంటర్ గురించి ఫిర్యాదు చేయాలంటే ఇదివరకు కిరాణా కొట్లో కౌన్సిలర్‌ను పట్టుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఆ నిర్ణయం దూరంలో ఎక్కడో జరుగుతుంది. ముసలివాళ్లకు ఇది నిజంగా మింగుడుపడలేదు. నేను వెళ్లే ఇళ్లలో రోజూ వినే మాట ఇదే.

ఇక అసలు విషయం, ఇక్కడి మనుషుల తీరు. ఉన్నది ఇంతే జనం, నడవాల్సినది మాత్రం పూర్తి స్థాయి యంత్రాంగం. దాంతో ఒక్కో మనిషి పగటివేషగాడిలా నాలుగు వేషాలు కడతాడు. అగ్నిమాపక దళం సంగతే చూడండి. చాలా పల్లెల్లో ఇరవై నాలుగు గంటలూ స్టేషన్‌లో కూర్చునే ఫైర్‌మన్లు ఉండరు. ఒప్పందం మీద పనిచేసే స్థానికులే ఉంటారు. అలారం మోగితే వడ్రంగి రంపం పక్కన పడేసి, బడి జానిటర్ తాళాలగుత్తి ఎవరికో ఇచ్చేసి పరుగెత్తుతారు. వాళ్లలోనే ఒకాయన సాయంత్రం కౌన్సిల్ మీటింగులో బడి వంటగది బడ్జెట్ మీద వాదిస్తాడు. ఆదివారం చర్చి కాయిర్‌లో పాడతాడు. ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అనేసి తప్పించుకోవడం ఇక్కడ కుదరదు. నిన్న మీరు విసుక్కున్న మనిషే రేపు మీ కారును మంచుగుంటలోంచి లాగాల్సిన మనిషి.

కౌన్సిల్ కూడా అంతే. ఐదు వేల లోపు జనాభా ఉన్నచోట చట్టం అడిగేది కనీసం 13 మంది సభ్యుల్ని. నాలుగేళ్లకోసారి ఎన్నికలు, చివరిసారి 2025 ఏప్రిల్‌లో జరిగాయి. సభ్యులకు జీతం ఉండదు, మీటింగు భత్యం మాత్రం ఇస్తారు. గెలవడానికి కావాల్సిన ఓట్లు చాలాసార్లు పదుల్లోనే ఉంటాయి. మీకు పనికొచ్చే ముక్క ఒకటి: ఓటెయ్యడానికీ, పోటీ చెయ్యడానికీ పౌరసత్వం అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా, ఫిన్లాండ్‌లో వరుసగా రెండేళ్లు నివాసం ఉంటే హక్కు వచ్చేస్తుంది. అలాగే జనాభాలో రెండు శాతం మంది సంతకాలతో ఒక విషయం కౌన్సిల్ ముందు పెడితే ఆరు నెలల్లో దాన్ని చర్చించి తీరాలి. పువొలంకాలో రెండు శాతం అంటే యాభై మంది కూడా కాదు. హెల్సింకిలో మీ మాటకు ఇంత బరువు ఎప్పటికీ రాదు.

మీరు కొనబోయే ఇంటికి దారి ఎవరిదో కూడా అడిగారా? హైవే దిగిన తర్వాత ఇంటిదాకా వెళ్లే మట్టిరోడ్డు చాలావరకు ప్రభుత్వానిది కాదు, మున్సిపాలిటీదీ కాదు. ఆ రోడ్డు వాడే ఇళ్లవాళ్లు, అడవి యజమానులు కలిసి నడిపే రోడ్డు సంఘానిది. ఎవరు ఎంత వాడతారో లెక్కగట్టి యూనిట్లు వేస్తారు. ఏడాది పొడవునా ఉండే ఇంటికి ఒక లెక్క, వేసవి కాటేజీకి ఇంకో లెక్క, దుంగల లారీలు తిరిగే అడవికి మరో లెక్క. యూనిట్‌కు ఇంత అని ఏటా బిల్లు వస్తుంది. ట్రాక్టర్ ఉన్న రైతు ఒకాయనతో మంచు తొలగించే ఒప్పందం ఉంటుంది. వార్షిక సమావేశం ఎవరో ఒకరి ఇంట్లో, కాఫీ, దాల్చిన చెక్క బన్నులతో జరుగుతుంది. ఈసారి కంకర వెయ్యాలా, వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యాలా, కల్వర్టు పైపు ఎంత వెడల్పుది వెయ్యాలి, ఇవే అజెండా. చూడ్డానికి చప్పగా ఉంటుంది గానీ, ఊళ్లో ఎవరికి ఎవరితో పడదో, ఏ గొడవ ఏ తాత కాలం నాటిదో తెలిసేది అక్కడే. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మీటింగుకు తప్పకుండా వెళ్లాలి. ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. ఇక్కడ నోరు మూసుకుని కూర్చోవడం అమర్యాద కాదు.

ఆ మౌనం గురించి మనవాళ్లు చాలామంది పొరపడతారు. గుమ్మంలో కనబడితే "తిన్నారా, బాగున్నారా" అనే పలకరింపు ఉండదు. ఇంటికి పిలవకుండా పోయే అలవాటూ తక్కువ. అది చూసి, వీళ్లకు మనం ఇష్టం లేదేమో అనుకుని కుంగిపోయినవాళ్లను చూశాను. కాదండీ. పక్కనే కూర్చుని పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కాఫీ తాగడం వీళ్ల దగ్గర చనువుకు గుర్తు. మైనస్ 25లో మీ కారు గుంటలో దిగితే మొదట వచ్చే బండే ఆగుతుంది, తాడు తీస్తుంది, లాగుతుంది, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోతుంది. అయితే అందరూ ఒకేలా ఉంటారని కూడా అనుకోవద్దు. పశ్చిమ తీరంలోని పెద్ద పట్నం ఔలు వైపు, కైనూలో కొన్నిచోట్ల లెస్టాడియన్ భక్తి ఉద్యమానికి చెందిన పెద్ద కుటుంబాలుంటాయి, పదిమంది పిల్లలు, మద్యం ముట్టరు. వాళ్ల ఇళ్లలో సందడి మన ఇళ్ల సందడికి ఏమీ తీసిపోదు.

ఊరంతా ఒకచోట చేరేది చూడాలంటే మూస్ (పెద్ద కొమ్ముల దుప్పి జాతి జంతువు) వేట కాలం ముగిశాక రండి. ఇక్కడ 'హిర్వి' అనే ఆ భారీ జంతువు వేట సరదా వ్యవహారం కాదు, ఊరి సంస్థాగత వ్యవహారం. అడవి ముక్కలు ముక్కలుగా వందల మంది సొంతదారులది. వాళ్లు వేట హక్కును స్థానిక వేట సంఘానికి ఇస్తారు, సంఘం ఏటా ఇన్నే కొట్టాలన్న కోటా ప్రకారం నడుచుకుంటుంది. బదులుగా భూమి ఇచ్చినవాళ్లకు మాంసమో, విందో. ఆ విందు వేట సంఘం షెడ్డులోనో, ఊరి సంఘం హాలులోనో పెడతారు. పెద్ద బానలో మూస్ మాంసం, బంగాళాదుంపలు, క్యారెట్, మిరియాల కన్నా మెత్తటి ఘాటున్న మసాలా గింజలు వేసి పొద్దుటి నుంచి మరిగించిన సూప్. గరిటె పట్టుకునేది నారింజ రంగు టోపీ పెట్టుకున్న వేటగాళ్లే. ముందు భూమి యజమానులు, ముసలివాళ్లు, తర్వాత మిగతావాళ్లు. రై రొట్టె, కాఫీ, చివర లాటరీ టికెట్లు. శాకాహారులైతే ముందే చెప్పండి. మిమ్మల్ని విచిత్రంగా చూసినా బంగాళాదుంపలు ఉడకబెట్టి పెడతారు.

ఇప్పుడు బాధాకరమైన భాగం. ఈ ఊళ్లు ఖాళీ అవుతున్నాయి, అది ఈనాటి కథ కాదు. 19వ శతాబ్దంలో కైనూ రైతులు పైన్ చెట్ల నుంచి తారు కాల్చి, పొడవాటి సన్నటి పడవల్లో పీపాలు పెట్టి నది మీదుగా ఔలుకు చేర్చేవాళ్లు. అది ఓడల కోసం విదేశాలకు పోయేది. 1866–68 కరువులో ఫిన్లాండ్ తన జనాభాలో దాదాపు 8 శాతాన్ని పోగొట్టుకుంది. ఇక్కడ పైన్ బెరడు పిండిలో కలుపుకుని తిన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్‌కు పోయిన కరేలియా నుంచి నాలుగు లక్షల మందికి పైగా దేశంలో సర్దుకోవాల్సి వచ్చింది. వాళ్లకు, యుద్ధం చేసి వచ్చినవాళ్లకు అడవి కొట్టి చిన్న చిన్న పొలాలు ఇచ్చారు. ఇరవై ఏళ్లు తిరగకముందే ట్రాక్టర్, మోటారు రంపం వచ్చి చేతులకు పని తగ్గించాయి. పంట మిగులు ఎక్కువైందని 1969లో పొలం బీడు పెడితే డబ్బిచ్చే చట్టం తెచ్చారు. తండ్రి చేత్తో రాళ్లు ఏరి చేసిన పొలాన్ని కొడుకు డబ్బు తీసుకుని బీడు పెట్టాడు. ఆ రోజుల్లోనే లక్షల మంది స్వీడన్ ఫ్యాక్టరీలకూ, దక్షిణాదికీ వెళ్లిపోయారు. నేను చూసుకునే వృద్ధుల్లో చాలామంది అన్నదమ్ములు స్వీడన్‌లోనే ఉన్నారు. మన పాలమూరు వలస ఇళ్లు తెలిసినవాళ్లకు ఈ ఖాళీ ఇళ్ల కథ కొత్తగా వివరించక్కర్లేదు.

పిల్లల విషయంలోనూ అదే తంతు నడుస్తోంది. చాలా చిన్న మున్సిపాలిటీల్లో తొమ్మిదో తరగతి తర్వాత చదువుకు ఎంపికలు తక్కువ. పదహారేళ్లకే పిల్ల కయానీలోనో, ఔలులోనో అద్దెగదిలో ఉంటుంది, శుక్రవారం బస్సులో మురికి బట్టల సంచితో వస్తుంది. ఒకసారి అలా వెళ్లినవాళ్లలో తిరిగొచ్చేది కొందరే. మీ పాపకు ఇప్పుడు ఆరేళ్లే కాబట్టి ముందు పదేళ్లు హాయి. తరగతిలో పిల్లలు తక్కువ, టీచరుకు ప్రతి పిల్ల ఇంటి సంగతీ తెలుసు. వేడి మధ్యాహ్న భోజనం అందరికీ ఉచితం, అది 1948 నుంచీ దేశమంతటా ఉన్నదే. ఇంటికీ బడికీ ఐదు కిలోమీటర్లు దాటితే బడి బస్సో, టాక్సీయో మున్సిపాలిటీ ఖర్చుతో వస్తుంది. కానీ చేరేముందు ఆ బడి భవిష్యత్తు గురించి ఆఫీసులో సూటిగా అడగండి. కౌన్సిల్ మినిట్స్ అందరూ చూసేలా వెబ్‌సైట్‌లో ఉంటాయి, అనువాద యాప్ పెట్టి చదవండి.

జనాన్ని ఆపడానికి డబ్బులిచ్చి చూసినవాళ్లూ ఉన్నారు. పశ్చిమాన లెస్టియార్వి అనే మరీ చిన్న మున్సిపాలిటీలో 2012లో పుట్టింది ఒక్క శిశువు. మరుసటి ఏడాది నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ 10,000 యూరోలు ప్రకటించారు, ఏడాదికి వెయ్యి చొప్పున పదేళ్లు, అక్కడే ఉంటేనే. మొదట్లో ఉయ్యాలలు కాస్త ఊగాయి. జనాభా తగ్గడం మాత్రం ఆగలేదు. నాకైతే ఆశ్చర్యం లేదు. బిడ్డను కనడానికి వెయ్యి యూరోలు కాదు, ఆ బిడ్డ తల్లికి పని కావాలి. ఇప్పుడు ఇలాంటి ఊళ్లు ఎక్కువ ఆశ పెట్టుకున్నది గాలిమరల మీద. ఒక్కో టర్బైన్ మీద ఆస్తిపన్ను ఆ మున్సిపాలిటీకే వస్తుంది. అడవి అమ్ముకున్నామని తిట్టేవాళ్లూ, బడి నిలబడిందని మెచ్చేవాళ్లూ ఒకే కాఫీ బల్ల దగ్గర దొరుకుతారు.

పువొలంకా మాత్రం వేరే దారి పట్టింది. దేశంలో వేగంగా ముసలిదవుతున్న, ఖాళీ అవుతున్న చోటని పత్రికలు పదే పదే రాస్తుంటే, సరే మేమే నిరాశావాదుల రాజధాని అనుకుని ఏకంగా నిరాశావాద సంఘం పెట్టుకున్నారు. పువొలంకా వచ్చేస్తోంది, ఇంకా వెనక్కి తిరిగే టైముంది అని రోడ్డు పక్కన బోర్డు పెట్టారు. మ్యూజికల్ వేశారు, వీడియోలు చేశారు, వస్తువులు అమ్మారు. విదేశీ విలేకరులు వెతుక్కుంటూ వచ్చారు. ఇది ఏడుపు అనుకుంటే మీకు ఈ జనం అర్థం కానట్టే. కష్టాన్ని ముఖం కదల్చకుండా వెటకారం చెయ్యడం కైనూ వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. పక్క మున్సిపాలిటీ హ్యురిన్‌సల్మిలో 1998 నుంచి బురదనేలలో ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నారు, మోకాళ్లదాకా దిగబడుతూ ఆడతారు. ఉన్నది బురదే అయితే దానికే టికెట్ పెడదాం అన్న లెక్క.

చలి, చీకటి గురించి ఇంటర్నెట్‌లో కావాల్సినంత ఉంది కాబట్టి ఎక్కువ చెప్పను. డిసెంబరులో సూర్యుడు కనిపించేది నాలుగు గంటల లోపు. నవంబరు ఇంకా దారుణం, మంచు ఇంకా సరిగా నిలవదు, వెలుగుండదు, అంతా నల్లటి తడి. మంచు పడ్డాక నిజంగానే మనసు తేలికవుతుంది. జూన్‌లో రాత్రి పూర్తిగా చీకటి పడదు. ఇద్దరికీ డ్రైవింగ్ రాకపోతే అసలు ఆలోచనే మానుకోండి.

తిండి సంగతి మీ ఆవిడ అడిగారు కదా. బియ్యం, ఉల్లి, పెరుగు అన్నీ దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు, ఇంగువ ఆన్‌లైన్‌లోనో, ఔలు వెళ్లినప్పుడో తెచ్చుకోవాలి. కరివేపాకు కుండీ కిటికీలో లైటు పెట్టి బతికించుకోవాలి. కానీ సెప్టెంబరులో అడవి నిండా ఎర్రటి లింగన్‌బెర్రీలు. ఎవరి అడవి అయినా సరే, ఇంటి ఆవరణ, సాగు పొలం వదిలేసి ఎవరైనా కోసుకోవచ్చు, చట్టమే ఆ హక్కు ఇచ్చింది. పుల్లగా, కొంచెం వగరుగా ఉంటాయి. వాటిలో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉండటంతో తొందరగా పాడవవు. నేను ఆవపిండి, కారం, ఉప్పు, మెంతిపొడి వేసి, ఇంగువ తాలింపు పెట్టి ఊరగాయ చేస్తాను. పొరుగింటి ముసలాయన మొదట అనుమానంగా చూసి, తర్వాత జున్నులాంటి కాల్చిన 'లెయిపాయూస్టో' ముక్క మీద వేసుకుని తిన్నాడు. ఇప్పుడు సీజన్‌లో సీసా ఖాళీ చేసి గుమ్మం దగ్గర పెడతాడు. అదే ఆయన ఆర్డరు.

ఇక కొనుగోలు పనులు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద భూమితో కూడిన ఇల్లు కొనాలంటే రక్షణ మంత్రిత్వ శాఖ అనుమతి కావాలి, 2020 నుంచి ఈయూ, ఈఈఏ (యూరోపియన్ ఆర్థిక ప్రాంతం) బయటి పౌరులందరికీ ఇదే రూలు. హౌసింగ్ కంపెనీ షేర్ల రూపంలో ఉండే ఫ్లాట్‌కు అది అక్కర్లేదు. స్థలంతో సహా కొంటే బదిలీ పన్ను 3 శాతం, ఒప్పందం అధీకృత సాక్షి ముందో, భూ సర్వే శాఖ ఆన్‌లైన్ సేవలోనో జరగాలి. బ్యాంకు లోను మీద ఆశ పెట్టుకోకండి. మళ్లీ అమ్ముడుపోదన్న భయంతో ఇలాంటి ఇళ్లను తాకట్టుకు తీసుకోవడానికి బ్యాంకులు వెనకాడతాయి. ధర తక్కువ కావడానికి కారణం కూడా అదే. నూతి నీటి పరీక్ష, సెప్టిక్ ట్యాంకు వయసు, పైకప్పు, పొయ్యి గొట్టం చివరిసారి ఎప్పుడు శుభ్రం చేయించారో రాతపూర్వకంగా అడగండి. రోడ్డు సంఘం బిల్లు ఎంతో, ఫైబర్ నెట్ ఇంటిదాకా ఉందో లేదో తెలుసుకోండి. రిమోట్ ఉద్యోగానికి ఇదే ప్రాణం.

నా సలహా అడిగితే, ఈ ఏడాది కొనకండి. ఇలాంటి మున్సిపాలిటీలకు సొంత అద్దె ఇళ్లుంటాయి, చాలాచోట్ల ఖాళీగానే ఉంటాయి. కేంద్రంలో ఒక రో-హౌస్ అద్దెకు తీసుకుని అక్టోబరులో దిగండి, మే నెల దాకా ఉండండి. పాపను బడిలో వెయ్యండి. మీ ఆవిడ లైబ్రరీలోనో, వయోజన విద్యాకేంద్రం నేత క్లాసులోనో చేరితే మీకన్నా ముందే ఊరు ఆమెకు తెలుస్తుంది. మీరు ఫిన్నిష్ మొదలుపెట్టండి, ఇక్కడ ఇంగ్లీషు మీద బండి నడవదు. రక్షణ శాఖ అనుమతి దరఖాస్తు ఈలోగా పెట్టుకోవచ్చు. ఇంటి ఫొటోలు, ప్రకటనలోని ఆస్తి వివరాలు ఇక్కడ పెడితే పొయ్యి, పైకప్పు చూసి నాకు తోచింది చెబుతాను.